తాగని రాయి

ఆ గని చుట్టూ ఉన్న బోర్లన్నింటికీ నంబర్లున్నాయి. పనివాళ్లు మాత్రం నంబర్లతో పిలవరు. గేటు పక్కదాన్ని గేటు బోరు అంటారు. ముళ్లకంపల్లో ఉన్నదాన్ని ముళ్ల బోరు అంటారు. ఎప్పుడు చూసినా తుప్పు రంగు నీళ్లే ఉండేదాన్ని టీ బోరు అంటారు. పాత సెక్షన్ మీద ఉన్న బోరుకు మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు. టేపమ్మ ముందు దాని మాటెత్తాల్సి వస్తే గడ్డం అటు తిప్పి, "అటువైపుది" అని ఊరుకుంటారు.

టేపమ్మ అంటే ఆ బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచే మనిషి. భుజాన ఒక రీలు, రీలుకు చుట్టిన పొడవాటి టేపు, టేపు కొసన వేలెడంత ఇనప ముక్క. దాన్ని బోరులోకి వదులుతూ పోతే కొస నీళ్లను తాకగానే రీలులోని బజరు కీచుమంటుంది. అక్కడ టేపు మీద ఉన్న అంకె చూసి చెప్పాలి. వినడానికి ఇంతే. బోరు గోడల మీద జారే చెమ్మ తగిలినా ఆ వెధవ బజరు కీచుమంటుంది. అందుకే టేపును కాస్త పైకి లాగి, దులిపి, మళ్లీ వదలాలి. రెండోసారీ అక్కడే అరిస్తే అది నీరు. ఈ దులపడం చేతకానివాళ్లు గోడ చెమ్మను కొలిచి ఇంటికెళ్లిపోతారు. ఆమె అలా ఎప్పుడూ వెళ్లలేదు.

ఆమె మొగుడు ఆ పాత సెక్షన్‌లో ఉన్నాడు.

ఉన్నాడనే అంటుంది ఆమె. పోయాడని ఎవరైనా అంటే ముఖం మాడ్చుకుంటుంది. పోవడమంటే ఎక్కడికో వెళ్లడం కదా. అతను ఎక్కడికీ వెళ్లలేదు. ఎక్కడున్నాడో అందరికీ తెలుసు.

ఆ రోజు గోడ అవతల నీళ్లున్నాయని తెలియక తవ్వారు. నీళ్లు పడ్డాయి. పరిగెత్తినవాళ్లు పైకొచ్చారు. అతనూ పరిగెత్తాడు, సగం దాకా వచ్చాడు, వచ్చి వెనక్కి తిరిగాడు. ఎందుకు తిరిగాడన్న దానికి ఇంట్లో రెండు కథలున్నాయి. అత్తగారి కథలో, చివరన పనిచేస్తున్న వాళ్లను పిలవడానికి వెళ్లాడు. ఆ చివరన ఎవరూ లేరు, వాళ్లు వేరే దారిన అప్పటికే పైకొచ్చేశారు, పాపం ఆ సంగతి వాడికి తెలియదు. నలుగురూ కూర్చుంటే చెప్పే కథ ఇది. రెండో కథ టేపమ్మది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు రెండు క్యారేజీలు లోపల మర్చిపోయి వచ్చాడు మహానుభావుడు. మూడోది కొని చేతిలో పెడుతూ ఆమె అంది: "ఇది కూడా పోగొట్టుకొచ్చావంటే రేపట్నుంచి కాగితంలో పొట్లం కట్టిస్తా, ఏమనుకున్నావో." అతను క్యారేజీని చంటిపిల్లలా ఎత్తుకుని, జోకొడుతూ మెట్లు దిగి వెళ్లాడు. అదే కడసారి చూపు.

పంపులు పెట్టి తోడారు. తోడినకొద్దీ ఊరింది. చివరికి ఆ సెక్షన్ నోటికి గోడ కట్టేసి, ఆమెకు ఆఫీసులో ఉద్యోగమిచ్చారు. టీ అందించడం, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోవడం. కొన్నాళ్లకు నీళ్లు కొలిచే ముసలాయన కళ్లు కనపడటం లేదని మానుకుంటే, ఎండలో తిరిగే ఆ పనికి ఎవరూ రాలేదు. ఆమె వెళ్లి, నేను చేస్తానంది. ఫ్యాను కింద కూర్చునే పని వదులుకుని ముళ్లల్లో తిరుగుతానంటుందేంటి, దీనికి మతి చలించిందన్నారు. మతి బాగానే ఉంది. ఆ బోర్లలో ఒకటి తిన్నగా పాత సెక్షన్‌లోకి దిగుతుందని టీ అందించేటప్పుడు ఆమె చెవిన పడింది.

అప్పట్నుంచి వారానికోసారి టేపు ఒక కొస ఆమె చేతిలో, ఇంకో కొస అతని మీదున్న నీళ్లలో. అంతకంటే దగ్గరగా అతని దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. అలాగని ఆమె ఆ బోరు దగ్గర కూర్చుని ఏడ్చే రకం కాదు. పువ్వులు వేయదు, మాట్లాడదు. దులిపి కొలుస్తుంది, అంకె చెప్తుంది, రీలు చుట్టుకుంటుంది. మిగతా బోర్ల దగ్గర కంటే అక్కడ కాస్త ఎక్కువసేపు దులుపుతుంది, అంతే.

పెద్ద పెద్ద వాటికి ఏడుపు ఎప్పుడో అయిపోయింది. చిన్నవి మిగిలాయి. చిన్నవే చంపుతాయి. ఎంత కడుక్కున్నా అతని కనురెప్పల అంచుల్లో నల్లటి గీత మిగిలేది. "వచ్చాడమ్మా పెళ్లికూతురు" అనేది అత్తగారు. చలికాలం మంచు ముద్దల్లాంటి పాదాలు తెచ్చి ఆమె పిక్కలకు ఆనించేవాడు, ఆమె తిట్టేదాకా తీసేవాడు కాదు. అన్నిటికన్నా, వీధిలో నడుస్తూ కనిపించిన బోర్డునల్లా పైకి చదివేవాడు. "ఇచ్చట గొడుగులు బాగుచేయబడును. పళ్లు పీకబడును. లోనికి రావలదు." రావద్దురా బాబూ, రావలదేంటి, అని ఆ గ్రాంథికానికి దారి పొడుగునా నవ్వేవాడు. అప్పుడు ఆమెకు తల కొట్టేసినట్టుండేది, కాస్త మెల్లగా చదవొచ్చుగా అని మోచేత్తో పొడిచేది. ఇప్పుడు ఆ వీధిలోంచే పనికి వెళ్తుంది. బోర్డులన్నీ నోళ్లు మూసుకుని ఉంటాయి.

*

కొత్త సెక్షన్ తవ్వాలన్న మాట వచ్చినప్పుడు రాళ్ల డాక్టరు వచ్చాడు. జియాలజిస్టు అనడానికి నోరు తిరగక పనివాళ్లు పెట్టుకున్న పేరది. కుర్రవాడే, ఎండకు ముక్కు మీద తోలు ఊడిపోయి ఉండేవాడు. బోరులోంచి తీసిన రాతి ముక్కను నాలుకతో నాకి చూడటం అతని అలవాటు. పంపు నడిపే గొట్టం అది మొదటిసారి చూసి టేపమ్మ చెవిలో అన్నాడు: "వదినా, సార్‌కి ఇంట్లో తిండి పెట్టట్లేదా ఏంటి?"

గొట్టం అనేది మనిషి పేరే. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, నోట్లోంచి మాటలు ఆగకుండా వస్తుంటాయి, ఎలా చూసినా సరిపోయిన పేరు. టేపమ్మ మొగుడికి ప్రాణ స్నేహితుడు. ఆ రోజు పైన పంపు దగ్గర ఉన్నది అతనే. పైకొస్తున్న వాళ్లను ఒక్కొక్కర్నీ చూస్తూ, స్నేహితుడి ముఖం కోసం ఆఖరి మనిషి దాకా ఎదురుచూసింది అతనే.

రాళ్ల డాక్టరు మొదటిరోజే ఇద్దర్నీ కూర్చోబెట్టి, పుల్లతో మట్టిలో గీసి చెప్పాడు.

"ఇది పాతది, నీళ్లతో నిండి ఉంది. ఇది తవ్వబోయే కొత్తది. మధ్యలో మూడు పొరల రాయి. ఏ పొర నీళ్లు తాగుతుందో మనం చూడాలి. తాగుతుందంటే లోపల నెర్రెలున్నట్టు. ఇటు పోస్తే అటు వెళ్తుంది, అటుది ఇటు వస్తుంది."

"తాగితే ఏం చేస్తారు సార్?" అంది టేపమ్మ.

"తాగితే పాత సెక్షన్‌లో నీళ్లు మొత్తం పెద్ద పంపులతో తోడేసి, లోపలికి దిగి, అంతా శుభ్రం చేశాకే కొత్తది మొదలుపెట్టాలి. ఇంకో దారి లేదు."

"తాగకపోతే?"

"మధ్యలో మందంగా రాయి వదిలేసి కొత్తది తవ్వుకుంటారు. పాతదాని జోలికి ఎవరూ వెళ్లరు. ఈ బోర్లు మాత్రం సిమెంటు పోసి మూసేస్తారు, లేకపోతే నీళ్లకి ఇవే దారి చూపిస్తాయి. అటువైపుది కూడా..."

గొట్టం గట్టిగా దగ్గాడు. డాక్టరు తలెత్తి అతన్నీ, ఆమెనూ చూసి, ఏదో పొరపాటు జరిగిందని గ్రహించి ఆపేశాడు. సంగతి ఏంటో సాయంత్రం గొట్టం చెప్పాడు. మర్నాటి నుంచి ఆమెను అమ్మా అనడం మాని అక్కా అన్నాడు.

ఇంటికెళ్లి ఈ ముక్క చెప్పాలా వద్దా అని ఆమె గుమ్మం దాకా తర్జనభర్జన పడింది. అత్తగారి ముందు దాపరికం నిలవదు. ముఖం చూసే అడిగేసింది ముసలావిడ. రెండు గదుల క్వార్టరు, మంచం మీంచి చూస్తే వంటిల్లూ వీధీ రెండూ కనిపిస్తాయి, ఆమె కన్నుగప్పి ఏం చేయగలరు. మోకాళ్లు అరిగిపోయి వాకిలి దాటదు గానీ, ఆ లోటంతా నాలుక తీర్చేస్తుంది.

అంతా వింది. తర్వాత అంది: "ఏమే, తాగుతుందంటావా?"

"నాకేం తెలుసు అత్తయ్యా. రాయిని అడిగి చెప్పాలి."

"అడుగు మరి. రోజూ దాని నోట్లో తాడు పెట్టేది నువ్వేగా."

నవ్వొచ్చింది ఇద్దరికీ. నవ్వు తగ్గాక అత్తగారు మోకాలు రుద్దుకుంటూ, గోడకేసి చూస్తూ అంది: "నాకు వాడు తిరిగి రావాలని లేదే. అంత పిచ్చిదాన్ని కాదు. వాడికంటూ ఒక చోటుండాలి. ఎండొస్తే ఎండ, వానొస్తే వాన పడే చోటు. ఆ నీళ్లకింద ఏంటది, చీకట్లో."

ఆ రోజు నుంచి ఇంట్లో వేరే మాట లేదు. ఈమె చెప్పు విప్పకముందే ఆవిడ అడిగేది: తాగిందా? ఇంకా బోరే వేయలేదు అత్తయ్యా. తాగిందా? మిషన్ ఇవాళే వచ్చింది అత్తయ్యా. టేపమ్మ పైకి విసుక్కునేది. లోపల ఆమె అడుగుతున్నదీ అదే.

*

పరీక్ష ఇలా చేస్తారు. బోరులోకి పైపులతో పాటు ఒక రబ్బరు తిత్తిని దింపుతారు. చూడాల్సిన పొరకు కాస్త పైన దాన్ని నిలబెట్టి గాలి ఊదుతారు. తిత్తి ఉబ్బి బోరు గోడలకు ఒత్తుకుని బిరడాలా బిగుస్తుంది. అప్పుడు పైపులోంచి నీళ్లు తోస్తే అవి తిత్తి కిందకు వెళ్లి, పోవడానికి ఇంకో దారి లేక, ఆ పొర తాగేదైతే అందులోకి పోతాయి. ఎంత పోయిందో మీటరు చెప్తుంది. మీటరు ముందు డాక్టరు, పంపు దగ్గర గొట్టం. టేపమ్మ పని బోరు నోటి దగ్గర. తిత్తి పైన బోరులో కొంత నీరు నిలిచి ఉంటుంది. దాని మట్టం కదలకూడదు. పెరుగుతుంటే తిత్తి సరిగ్గా బిగియలేదని, తోసిన నీళ్లు రాయిలోకి పోకుండా తిత్తి పక్కనుంచి జారి పైకొస్తున్నాయని అర్థం. అప్పుడు మీటరు తిరిగినా అది రాయి తాగినట్టు కాదు. అందుకని డాక్టరు మాటిమాటికీ అడుగుతాడు: పైన ఎలా ఉంది? ఆమె టేపు చూసి చెప్తుంది. ఆ మాటను బట్టే మీటరుకు విలువ.

పై పొర చుక్క తాగలేదు. "మీ రాయికి దాహం లేదు సార్" అన్నాడు గొట్టం. రెండోది మొహమాటానికి తాగే చుట్టంలా రెండు గుక్కలు తాగి ఊరుకుంది. అది లెక్కలోకి రాదన్నాడు డాక్టరు. ఇక మూడోది. పాత సెక్షన్‌కు ఆనుకుని ఉన్నది అదే. తేల్చేది అదే.

ఆ పొద్దున తిత్తి దింపారు, గాలి ఊదారు. గొట్టం పంపు వేశాడు. మీటరు ముల్లు ఒక్కసారి వణికి, తిరగడం మొదలుపెట్టింది.

"తాగుతోంది" అన్నాడు డాక్టరు. అతని గొంతులో నమ్మకం లేదు. మీటరు మీద వేలితో కొట్టి చూశాడు. ముల్లు ఆగలేదు. "బాగా తాగుతోంది. అక్కా, పైన ఎలా ఉంది?"

ఆమె టేపు వదిలింది. ఇందాక అరిచిన చోటికి రాకముందే బజరు కీచుమంది. లాగి, దులిపి, మళ్లీ వదిలింది. బెత్తెడు పైన. మళ్లీ దులిపింది. ఈసారి ఇంకా పైన. చెమ్మ కాదు, నీళ్లే. పైకి వస్తున్నాయి.

బజరు చప్పుడు అందరికీ వినిపిస్తుంది. టేపు మీది అంకె మాత్రం బోరు మీద వంగినవాళ్లకే కనిపిస్తుంది. వంగింది ఆమె ఒక్కతే.

"అక్కా?"

"కదల్లేదు సార్."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆమెకే విడ్డూరంగా అనిపించింది. గొట్టం పంపు వదిలేసి తలమీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. డాక్టరు ముక్కు మీద ఊడుతున్న తోలు గిల్లుకుంటూ మీటరు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

"భోజనాలయ్యాక ఇంకోసారి చూద్దాం. అప్పుడూ ఇలాగే ఉంటే పైవాళ్లకి చెప్పేస్తా. పంపులు తెప్పించుకోమని."

*

రేకుల షెడ్డు కింద కూర్చున్నారు. గొట్టానికి కాలు నిలవడం లేదు. డబ్బా మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.

"నేనే దిగుతా వదినా. పంపులు లోపలికి దింపేది ఎలాగూ మా గ్యాంగే. అందరికంటే ముందు నేను."

"మీ ఆవిడ ఊరుకుంటుందా?"

"మా ఆవిడకి చెప్పి దిగుతానా, నాకేమన్నా పిచ్చా?"

డాక్టరు నవ్వలేదు. "ఇన్నేళ్లు నానిన పైకప్పు. ఎలా ఉంటుందంటావు?"

గొట్టం బిస్కెట్టు ఒకటి తీసి టీలో ముంచాడు. కాసేపుంచి పైకెత్తాడు. సగం బిస్కెట్టు చేతిలో మిగిలింది, సగం బుడుంగున గ్లాసులో పడింది. "ఇలా ఉంటుంది" అని, ఆ టీ అలాగే తాగేశాడు. "ఏం కాదులెండి సార్. కర్రలు పోటు పెట్టుకుంటూ మెల్లగా పోతాం. ఎవడో ఒకడు వెళ్లాలిగా. వాడికోసం నేను కాకపోతే ఎవడెళ్తాడు?"

ఆమె తినడం ఆపింది. అతను చూసుకోలేదు. మాట్లాడుకుంటూనే పోయాడు.

"బూట్లుంటాయి వదినా, అవి పాడవవు. బెల్టు బకిల్ ఉంటుంది. టోపీ దీపం ఉంటుంది. గుర్తుపట్టడం కష్టమేం కాదు. పైగా ఎందుకు వెనక్కెళ్లాడో కూడా తేలిపోతుంది. ఆ చివర్న ఉన్నాడనుకో, పిలవడానికి వెళ్లినట్టు. అదే భోజనాలు చేసే చోట ఉన్నాడనుకో..." ఆగిపోయాడు.

"ఉన్నాడనుకో?" అంది ఆమె.

"ఉన్నాడనుకో ఏముంది. ఆకలేసింది వెధవకి."

ముందు ఆమే నవ్వింది. అంటే ఆ రెండో కథ ఇతనికీ తెలుసు. ఇన్నేళ్లూ తెలిసీ, అత్తగారు మొదటి కథ చెప్తుంటే అవునవునని తలూపాడు.

బూట్లు, బకిల్, దీపం. ఇన్నాళ్లూ ఆమె ఎప్పుడూ ఇలా విడివిడిగా ఆలోచించలేదు. నీళ్లు తోడితే అతను వస్తాడనుకుంది. కనురెప్పల అంచుల్లో గీతతో, చల్లటి పాదాలతో వస్తాడని మనసు ఎక్కడో మొండికేసి కూర్చుంది. బకిల్ వస్తుందట. బోర్డులు చదివే నోరు రాదు. ఆ బకిల్ కోసం, నానిన బిస్కెట్టు కింద ఈ పొడుగు మనిషి వంగి వంగి నడుస్తాడట. అతను ఏ చోట పడి ఉన్నాడో చూసి వచ్చి, ఆమెకు నిజం చెప్తాడో, అబద్ధం చెప్తాడో.

వీటిలో ఏది ఎక్కువ భయపెట్టిందని అడిగితే ఆమె చెప్పలేకపోయేది. డబ్బా మూసింది. చేతులు కడుక్కుంది.

"మొదలుపెడదామా?" అన్నాడు డాక్టరు.

"సార్, తిత్తి మార్పించండి."

"ఎందుకు?"

"పొద్దున పైన నీళ్లు కదిలాయి."

"కదల్లేదన్నారు కదా?"

"అన్నాను."

డాక్టరు కాసేపు ఆమెనే చూశాడు. "పైకి లాగండి" అన్నాడు మిషన్ వాళ్లతో. గొట్టం మాత్రం, "వదినా" అని ఒక్క మాట అనేసి, పంపు దగ్గరికి వెళ్లి దానికి అక్కర్లేని రిపేరు చేస్తూ కూర్చున్నాడు.

తిత్తి పైకొచ్చింది. ఒక పక్క రబ్బరు చీరుకుని ఉంది, చీలికలో గోరంత రాతి పెంకు. కొత్త తిత్తి బిగించి దింపారు. పంపు వేశారు. మీటరు ముల్లు ఉన్నచోటే ఉంది. డాక్టరు ఒత్తిడి పెంచమన్నాడు. పెంచారు. ఇంకా పెంచారు. ముల్లు చలించలేదు. ఆ రాయి చుక్క తాగలేదు.

"పైన?"

"కదల్లేదు సార్" అంది. నిజంగానే కదల్లేదు.

డాక్టరు లేచి వచ్చి, బోరు మీద వంగి, ఆమె చేతిలోని టేపు మీద అంకె తన కళ్లతో చూసుకుని వెళ్లాడు. ఇన్నాళ్లలో ఎప్పుడూ అలా రాలేదు. అది ఆమెకు తగిలింది. తగలాల్సిందే అనుకుంది.

సాయంత్రం గేటు దాటాక గొట్టం వెనకనుంచి వచ్చి పక్కన నడిచాడు. చాలా దూరం నోరు విప్పలేదు, అది అతని జన్మలో మొదటిసారి అయ్యుంటుంది.

"నేను దిగుతానన్నాననే కదా చెప్పేశావు?"

"నీకంత సీను లేదులే."

"మరెందుకు?"

"ఇంటికెళ్లు. మీ ఆవిడ ఎదురుచూస్తుంటుంది."

*

అత్తగారు గుమ్మంలోనే ఉంది. తాగిందా అని అడగలేదు. ముఖం చూసింది.

"సరిగ్గా చూశారా?"

"చూశారు."

"నువ్వు చూశావా?"

"చూశాను అత్తయ్యా." అక్కడితో ఆపేయొచ్చు. ఆపలేకపోయింది. పొద్దున జరిగింది, తను అన్నది, మధ్యాహ్నం మళ్లీ అన్నది, అంతా చెప్పేసింది. రాతి పెంకు సంగతి కూడా చెప్పింది.

"నోరు మూసుకుని ఉండలేకపోయావా?" అంది ముసలావిడ.

ఆవిడ ఇక మాట్లాడలేదు. ఆ రాత్రీ లేదు, మర్నాడూ లేదు. కోడలు కంచం పెడితే తినేది, గ్లాసు పెడితే తాగేది, ముఖం మాత్రం గోడ వైపు. ఊళ్లో అందరి నోళ్లూ మూయించిన నాలుక అలా ఊరుకుంటే ఇంట్లో గడియారం చప్పుడు భరించలేకుండా ఉంది. తిట్టినా బాగుండునని టేపమ్మ పనిగట్టుకుని పాలు పొంగబెట్టింది. లాభం లేకపోయింది.

బోర్లు మూసే పని గేటు వైపు నుంచి మొదలైంది. గేటు బోరు మూశారు, ముళ్ల బోరు మూశారు. రేపు అటువైపుది అని గొట్టం వచ్చి వాకిట్లోనే చెప్పి వెళ్లాడు. అత్తగారు విన్నది, విననట్టే ఉంది.

తెల్లారి టేపమ్మ రీలు భుజాన వేసుకుని బయటికొచ్చేసరికి ముసలావిడ మెట్టు మీద చెప్పులేసుకుని కూర్చుని ఉంది.

"పద" అంది.

"అంత దూరం నడవలేరు అత్తయ్యా."

"నడవలేకపోతే మొయ్యి."

మోయాల్సిన పని పడలేదు, నడిచింది. నాలుగడుగులకోసారి ఆగుతూ, ఆగినప్పుడల్లా రోడ్డు వేసినవాణ్ని తిడుతూ. ఆ తిట్లు వింటుంటే కోడలికి ప్రాణం లేచొచ్చింది.

బోరు దగ్గర సిమెంటు మిక్సరు తిరుగుతోంది. డాక్టరు, గొట్టం, మిక్సరు వాళ్లు ముసలావిడను చూసి పక్కకు జరిగారు. నేలలోంచి మోకాలెత్తు లేచిన ఇనప గొట్టం, దాని మూత తీసి పక్కన పెట్టి ఉంది. ఆవిడ దాన్ని చూసి, ఇంతేనా అన్నట్టు ముఖం పెట్టింది.

"బాబూ, ఇందులోంచి వినిపిస్తుందా?" అని డాక్టరును అడిగింది.

డాక్టరు తడబడ్డాడు. "నీళ్ల దాకా వెళ్తుందమ్మా గొంతు. ఆ తర్వాత నాకు తెలియదు."

"నీళ్ల దాకా వెళ్తే చాలు. ఆ పైది వాడు చూసుకుంటాడు." బకెట్టు బోర్లించి కూర్చుని, బోరు అంచు పట్టుకుని వంగింది. "ఒరేయ్. నేనే. అటక మీద రేకు వేస్తానన్నావు, నువ్వు రాలేదు, వేరేవాడితో వేయించాం. బాగానే వేశాడు, నీకంటే నయం. పక్కింటావిడ కూతురికి కవలలు పుట్టారు. నా మోకాళ్లు అలాగే ఉన్నాయి. మీ ఆవిడ సన్నబడింది, ఎంత చెప్పినా నా మాట వినదు, నువ్వెలాగో అదీ అంతే. నాలుగు రోజులు దాంతో మాట్లాడలేదు. తప్పు నాదే." ఆగి ఊపిరి తీసుకుంది. "ఇక ఉంటాన్రా. వీళ్లకి పనుంది."

గొట్టం వెనక్కి తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. ముసలావిడ అతని చెయ్యి పట్టుకుని లేచి, కోడలి వైపు చూసింది.

"నువ్వు?"

టేపమ్మ తల అడ్డంగా ఊపింది.

"మొగుడితో మాట్లాడటానికి మొహమాటమేంటే. సరే, మేం అటు తిరుగుతాంలే. ఏయ్, మీరంతా కూడా తిరగండి."

తిరిగారు. డాక్టరు తిరిగాడు, గొట్టం తిరిగాడు, మిక్సరు వాళ్లు పారలు చేతుల్లో పట్టుకునే అటు తిరిగి నిలబడ్డారు. ఆమె రీలు కింద పెట్టి మోకాళ్ల మీద కూర్చుంది. బోరు నోటి మీద ముఖం పెట్టగానే లోపల్నుంచి గాలి తగిలింది, చల్లగా, తడిగా, మెల్లగా పైకి వస్తోంది. ఇన్నేళ్లూ ఇక్కడికొచ్చి అంకె మాత్రమే చూసుకుని వెళ్లింది, ఈ గాలికి ఎప్పుడూ ముఖం పెట్టలేదు. కళ్లు మూసుకుంది. అతను ఆమెను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. గుమ్మంలోంచే ఓయ్ అనేవాడు.

"ఓయ్" అంది.

కింద ఎక్కడో ఆ మాట గోడల్ని రాసుకుంటూ వెళ్లడం వినిపించింది. తర్వాత వినిపించలేదు. గాలి మాత్రం వస్తూనే ఉంది.

"అయిందా?" అంది అత్తగారు, అటు తిరిగే.

"ఆగండి అత్తయ్యా. ఇంకా కాలేదు."

మిక్సరు మనిషి గొట్టం చెవి దగ్గర గొణిగాడు: "ఇంతసేపైతే ఎలా అన్నా, కలిపింది గట్టిపడిపోతుంది."

"పడనీ" అన్నాడు గొట్టం. "ఇంకోసారి కలుపుదువుగానిలే."